బస్సుకి ఎన్ని ఎస్సులు?

నేను ఇంగ్లీషులో సొంతంగా రాసిన మొదటి వాక్యం ‘దిస్ ఈజ్ ఎ బస్’. అందులో బస్‌కి రెండు ఎస్సులు పెట్టాను. పెట్టక ఏం చెయ్యను? మా ఊరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది ఎర్ర బస్సు. బస్సు అన్న మాటలో స కింద సావత్తు ఉంది. ఒత్తు ఉంది కాబట్టి రెండు. అదే పేజీలో ‘దిస్ ఈజ్ ఎ గ్లాస్’ అని రాసి, గ్లాసుకి ఒక్క ఎస్సే ఇచ్చాను. గ్లాసులో ఒత్తు లేదుగా మరి.

మాష్టారు ఎర్ర సిరా పెన్నుతో బస్సులో రెండో ఎస్ చుట్టూ సున్నా చుట్టి, అక్కణ్ణుంచి కిందకి బాణం గీసి, తీసుకెళ్ళి గ్లాసు చివర నిలబెట్టారు. "ఇది బస్సు దిగి గ్లాసులోకి వెళ్ళాలమ్మా" అన్నారు. క్లాసంతా నవ్వింది. క్లాసుకి కూడా చివర రెండు ఎస్సులేనని అప్పటికి నాకు తెలీదు.

1977 సంగతి ఇది. మా ఊరు తణుకు దగ్గర. ఐదో తరగతి దాకా ఊళ్ళోనే చదువు. ఆరుకి పక్కూరి హైస్కూలు, కాలవ గట్టు మీద రెండు మైళ్ళ నడక. ఇంగ్లీషు మాకు అప్పుడే మొదలు. నాలుగు గీతల కాపీ పుస్తకం కొన్నారు. పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు, మళ్ళీ కలిపిరాతలో పెద్దవి, చిన్నవి. ఇరవయ్యారు అక్షరాలే అని సంబరపడ్డ వాళ్ళం, నాలుగు ఇరవయ్యారులని తెలిసేసరికి నీరుగారిపోయాం.

అయినా రాత పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా స్పెల్లింగులతోనే. చిత్రం చూడండి, ఈ స్పెల్లింగ్ అన్న దానికి తెలుగులో జనం నోట్లో నలిగే మాటే లేదు. నిఘంటువుల్లో వర్ణక్రమం అని ఉంటుంది గానీ, ‘నీ పేరు వర్ణక్రమం చెప్పు’ అని ఎవర్నైనా అడిగి చూడండి. మనకి ఆ అవసరం పడలేదు. గుణింతాలూ ఒత్తులూ వచ్చేస్తే, అర్థం తెలియని మాటైనా విని రాసేస్తాం. (శ, ష, సల దగ్గర అందరం తడబడతాం, అది వేరే సంగతి. నేను ఇప్పటికీ ఒకటి రెండు మాటల దగ్గర ఆగి ఆలోచిస్తాను.)

సాయంత్రం దీపాలు పెట్టాక అరుగు మీద కూచుని గొంతెత్తి వల్లె వేసేదాన్ని. సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి. ఆర్ ఏ టీ ర్యాట్, ర్యాట్ అంటే ఎలక. మా నాన్నమ్మ వత్తులు చేసుకుంటూ వినేది. నాలుగో రోజో ఐదో రోజో అడిగింది, "ఏమే, సీ, ఏ, టీ కలిస్తే సీయేటీ కదే అవ్వాలి? క్యాట్ ఎలా అయిందే?" నాన్నమ్మకి సంతకం తప్ప అక్షరం రాదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నాన్న దగ్గరా లేదు. మన క పేరు క, అది చేసే చప్పుడూ క. వాళ్ళ సీ పేరు సీ, చేసే చప్పుడు మాత్రం ఒకసారి క, ఒకసారి స. పేరొకటి, పని ఒకటి అన్న సంగతి మాకెవరూ చెప్పలేదు.

దాంతో స్పెల్లింగు గుర్తుండడానికి పిల్లలందరం కలిసి ఒక దొంగదారి కనిపెట్టాం. మాటలో ఎన్ని అక్షరాలుంటే అన్నిటినీ పలికేయడం. బుధవారం వెడ్-నెస్-డే. చాకు క్నైఫ్. దీవి ఇజ్-ల్యాండ్. అందమైనది బి-యా-టి-ఫుల్. పరీక్షలో పెదాలు కదుపుతూ ఇలా గొణుక్కుంటే ఒక్క అక్షరం తప్పిపోయేది కాదు. ఆ పలుకుబడి ఎంత గట్టిగా పట్టుకుందంటే, నిన్నగాక మొన్న కూడా బ్యాంకు ఫారంలో తేదీ పక్కన వారం రాస్తూ మనసులో వెడ్-నెస్-డే అనుకున్నాను.

పెద్ద క్లాసుల వాళ్ళు ఇంకా ఘనులు. హత్య అన్న అర్థం వచ్చే అసాసినేషన్‌కి ఒక బొమ్మే గీసేవాళ్ళు: ఒక గాడిద, దాని వెనక ఇంకో గాడిద, వాటి వెనక నేను, నా వెనక దేశం (యాస్-యాస్-ఐ-నేషన్). లెఫ్టినెంట్‌కి ‘అబద్ధం నువ్వు పది చీమలు’ (లై-యూ-టెన్-యాంట్). ఈ రెండూ ఏ ఊళ్ళో పుట్టాయో గానీ, తర్వాత నేను కలిసిన తెలుగు మీడియం వాళ్ళందరికీ వచ్చు. హత్యకీ గాడిదలకీ సంబంధమేమిటని అడిగిన వాడు మాత్రం ఒక్కడూ కనపడలేదు.

మాష్టారికి ఈ దొంగదారులంటే కోపం లేదు గానీ, ఆయనది వేరే దారి. "మాటల్ని ఒక్కొక్కదాన్నీ బట్టీ పట్టకండర్రా. ఇంటిపేర్లు పట్టుకోండి" అనేవారు. బోర్డు మీద నైట్, లైట్, రైట్, ఫైట్ అని నిలువుగా రాసి, అన్నిటి చివరా ఉన్న ఐ-జీ-హెచ్-టీ కింద ఒకే గీత గీసేవారు. "వీళ్ళంతా ఒకే ఇంటిపేరు వాళ్ళు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళకి చివరొస్తుంది. అంతే తేడా." పక్కన కైట్, బైట్, వైట్ రాసి వాటి చివర ఐ-టీ-ఈ కింద గీత. "వీళ్ళు ఇంకో ఇంటి వాళ్ళు. పలకరింపు ఒకలాగే ఉంటుంది, చుట్టరికం లేదు." ఆ రోజు నుంచి కొత్త మాట ఏది కనపడినా, దాని ఇంటిపేరేమిటని వెతకడం మా ఆట అయిపోయింది.

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద ఇల్లు ‘షన్’ వారిది. టీ-ఐ-ఓ-ఎన్. మా ఊళ్ళో ఇంగ్లీషు రానివాళ్ళు కూడా రోజూ వాడే మాటలే చెప్పమన్నారు మాష్టారు. ఒకళ్ళు స్టేషన్ అన్నారు. ఒకళ్ళు రేషన్. ఎలక్షన్, ఇంజెక్షన్, ఫంక్షన్, కలెక్షన్. బోర్డు నిండిపోయింది. చివరి బెంచీ నుంచి ఒకడు పెన్షన్ అన్నాడు. మాష్టారు సుద్దముక్క పట్టుకుని ఆగిపోయి, "వీడొచ్చాడ్రా దొంగ" అని నవ్వారు. పెన్షన్, టెన్షన్ మటుకు ఎస్-ఐ-ఓ-ఎన్. ఫ్యాషన్ ఇంకో రకం, మధ్యలో ఎస్-హెచ్ దూరుతుంది. సముద్రం సంగతి చెప్పక్కర్లేదు, ఓషన్ చివర సీ-ఈ-ఏ-ఎన్. చెవికి ఒకే షన్, చేతికి నాలుగు. మరి ఏది ఎప్పుడని అడిగితే, "స్టేషన్‌కి నువ్వు రోజూ వెళ్ళొచ్చు, పెన్షన్ రావాలంటే ముసలాడివవ్వాలి, రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. అది జవాబు కాదని అప్పుడే తెలుసు. కానీ పెన్షన్ స్పెల్లింగు నాకు ఈ జన్మలో తప్పు పోదు.

నాన్నమ్మ అడిగిన సీ ప్రశ్నకి జవాబు సైకిల్లో దొరికింది. మాష్టారు సైకిల్ మీద వచ్చేవారు. దాన్ని క్లాసు గుమ్మం దగ్గర స్టాండు వేసి, బోర్డు మీద సీ-వై-సీ-ఎల్-ఈ అని రాశారు. "మొదటి సీ పక్కన ఎవరున్నారు? వై. రెండో సీ పక్కన? ఎల్. ఈ, ఐ, వై పక్కనుంటే సీ మెత్తబడి స అంటుంది. ఇంకెవరున్నా క అంటుంది." సర్కస్ కూడా అంతే, ముందు స, తర్వాత క. ఇంటికి పరిగెత్తుకెళ్ళి నాన్నమ్మకి చెప్పాను. "అంటే పక్కవాళ్ళని బట్టి మాట మారుస్తుందన్నమాట. ఎరుగుదుంలే అలాంటివాళ్ళని" అంది.

మాట చివర పలక్కుండా కూచునే ‘ఈ’ (E) అనే అక్షరం గురించి మాష్టారు చెప్పింది కూడా నాకు బాగా నచ్చింది. హ్యాట్ చివర ఈ చేరిస్తే హేట్. కట్ చివర చేరిస్తే క్యూట్. పిన్ చివర చేరిస్తే పైన్. "మన దీర్ఘం అక్షరం నెత్తి మీదే ఉంటుంది. వాళ్ళ దీర్ఘం రెండిళ్ళ అవతల కూచుని అక్కణ్ణుంచి లాగుతుంది." ఆ ఒక్క మాటతో డజన్ల కొద్దీ స్పెల్లింగులు దారికొచ్చాయి. గివ్, హ్యావ్ మాత్రం రాలేదు. వాటి చివరా ఈ ఉంది, లాగడం లేదు. వీ అక్షరంతో మాట ముగించడం ఇంగ్లీషు వాడికి అలవాటు లేదు కాబట్టి అక్కడ ఊరికే కాపలా పెట్టాడు.

‘ఈ కన్నా ఐ ముందు, సీ తర్వాత అయితే ఈ ముందు’ అన్న సూత్రం కూడా చెప్పారు. బిలీవ్, ఫీల్డ్ ఒక వైపు. రిసీవ్, సీలింగ్ ఇంకో వైపు. ప్రపంచమంతా చెప్పుకునే సూత్రం ఇదే గానీ, నాకు మొదట్నుంచీ దీని మీద నమ్మకం లేదు. సైన్స్‌లో సీ తర్వాత ఐ ముందుంది. నైబర్, ఫారిన్, సీజ్, హైట్, వియర్డ్ దేనికీ లొంగవు. సూత్రం కన్నా తప్పించుకునేవే ఎక్కువ కనిపించేవి.

ఎనిమిదిలో అనుకుంటా, అక్షరం రెట్టింపు చేయడం వచ్చింది. రన్‌కి ఇంగ్ కలిపితే ఎన్ రెండవుతుంది. స్విమ్‌కి ఎమ్. ఇక్కడ మాష్టారు నా వైపు తిరిగి, "ఒత్తు వినిపిస్తోందా?" అన్నారు. వినిపిస్తోంది. రన్నింగ్, స్విమ్మింగ్, సమ్మర్, డిన్నర్. మనం పలికేదే అలా. ఇంగ్లీషు వాడి నోట ఈ ద్విత్వం వినపడదట, వాడు ఒక్క న లాగే పలుకుతాడు. కాబట్టి వాళ్ళ పిల్లలు ఇక్కడ తప్పు చేస్తారు, మనం చెయ్యం. వినగానే నాకెంత పొగరొచ్చిందో చెప్పలేను. ఆ పొగరు వారం కూడా నిలవలేదు. శుక్రవారం డిక్టేషన్‌లో లెటర్, బటర్ ఇచ్చారు. మన నోట్లో వాటికి ఒత్తు లేదు. ఒక్కో టీతో సరిపెట్టాను. ఒక్కొక్కటీ పాతికసార్లు ఇంపొజిషన్.

అంటే ఒత్తుని బస్సులో నమ్మకూడదు, రన్నింగ్‌లో నమ్మాలి, లెటర్‌లో లేకపోయినా ఉందనుకోవాలి. ఇలాంటి దానితో కాపురం ఎలా చెయ్యడం?

తొమ్మిదిలో ఉండగా ఒక మధ్యాహ్నం పక్కింటి మామ్మగారు పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చారు. తాతగారికి రాత్రి నుంచి ఆయాసం. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. "అమ్మడూ, నీకు ఇంగ్లీషొచ్చుగా, మా వాడికి టెలిగ్రాం రాసిపెట్టవే." ఏం రాయాలో నాకే కాదు, ఆవిడకీ తెలుసు. ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. అప్పట్లో ఆ నాలుగు మాటలూ చదువురాని వాళ్ళక్కూడా నోటికి వచ్చేవి. టెలిగ్రాం వచ్చిందంటే చాలు, విప్పకముందే ఏడుపులు మొదలయ్యే రోజులు.

నోటికి రావడం వేరు, కాయితం మీద పెట్టడం వేరు. ఫాదర్, స్టార్ట్ సరే. సీరియస్ ఇంటిపేరు ఓ-యూ-ఎస్, ఫేమస్, డేంజరస్ వాళ్ళ చుట్టం, అదీ దొరికింది. ఇమ్మీడియట్లీ దగ్గర పెన్సిలు ఆగిపోయింది. మ కింద ఒత్తు గట్టిగా వినపడుతోంది. ఇది బస్సు జాతా, రన్నింగ్ జాతా? మామ్మగారు నెత్తి మీద నిలబడి ఉన్నారు. లోపల తాతగారి దగ్గు. బస్సు దెబ్బ తిన్నదాన్ని కదా, ఒత్తుని నమ్మకూడదని తేల్చుకుని ఒక ఎమ్ తీసేశాను.

మా అన్నయ్య సైకిల్ వెనక కూచుని పక్కూరి పోస్టాఫీసుకి వెళ్ళాను. పోస్టుమాస్టరు గారు కళ్ళద్దాలు ముక్కు మీదకి దించుకుని కాయితం చూశారు. పెన్ను తీసి ఇమ్మీడియట్లీలో సందు చేసి ఇంకో ఎమ్ ఇరికించారు. నాకు తల కొట్టేసినట్టయింది. దానికి తోడు ఇంకో భయం, మామ్మగారిచ్చిన డబ్బులు లెక్కపెట్టి ఇచ్చినవి. "అక్షరం పెరిగితే డబ్బులు ఎక్కువవుతాయా అండీ?" అన్నాను. ఆయన నవ్వి, "మాటకే గాని అక్షరానికి లెక్క లేదమ్మా. ఇంకో ఎమ్ పెట్టుకున్నా డబ్బులేం పడవు" అన్నారు.

కొడుకు మర్నాడు రాత్రికి బట్టల సంచీతో ఏడుపు మొహం వేసుకుని దిగాడు. అప్పటికి తాతగారు అరుగు మీద కూచుని మజ్జిగన్నం తింటున్నారు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారు. నేను కనపడినప్పుడల్లా "నన్ను సీరియస్ చేసింది ఈ పిల్లే" అని వచ్చినవాళ్ళకి చూపించేవారు.

బస్సు సంగతి నాకు చాలా కాలానికి తేలింది. రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నప్పుడు లైబ్రరీలో మాటల పుట్టుక చెప్పే నిఘంటువు ఒకటి దొరికింది. కాలక్షేపానికి తిరగేస్తుంటే కళ్ళు తిరిగాయి. ఇంగ్లీషులో ఒక లెక్క ఉందట: చిన్న మాట, లోపల పొట్టి అచ్చు, చివర ఎఫ్, ఎల్, ఎస్ వస్తే వాటిని రెండేసి రాస్తారు. బిల్లు, బెల్లు, మిల్లు, స్టాఫ్, మిస్. ఆ లెక్కన బస్‌కి కూడా రెండు ఎస్సులే ఉండాలి! ఎందుకు లేవంటే, అది అసలు పూర్తి మాటే కాదు. ఆమ్నిబస్ అని లాటిన్ మాట, ‘అందరి కోసం’ అని అర్థం. ఫ్రాన్సులో జనాన్ని ఎక్కించుకుని తిరిగే గుర్రబ్బళ్ళకి పెట్టిన ఆ పేరు 1829లో లండన్‌కి వచ్చింది. జనం తల కొట్టేసి తోక మిగుల్చుకున్నారు. తోకకి ఒక్క ఎస్సే ఉంది. పన్నెండేళ్ళ వయసులో నేను రాసింది సూత్రం ప్రకారం రాశాను, తప్పించుకుపోయింది బస్సు.

ఇంకా తిరగేస్తే మన క్నైఫ్ దొరికింది. ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళు కూడా ఆ కే అక్షరాన్ని పలికేవారట. నైట్‌లో జీ-హెచ్‌ని కూడా గొంతులోంచి ఖ లాంటి చప్పుడుతో పలికేవారు. వెడ్-నెస్-డే అంటే వోడెన్ అనే దేవుడి రోజు, ఆ డీ అందుకే అక్కడుంది. 1476లో కాక్స్‌టన్ లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాక, స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి. నోళ్ళు మాత్రం ఆగలేదు. ఇంగ్లీషు దీర్ఘాచ్చులు పలుకు మార్చుకున్నది కూడా దాదాపు ఆ రెండు మూడు వందల ఏళ్ళలోనే. నోరు ముందుకెళ్ళింది, రాత వెనకే ఉండిపోయింది. అరుగు మీద కూచుని మేం క్నైఫ్ అని అరుస్తుంటే, ఆ పాత ఇంగ్లీషు వాళ్ళెవరైనా వింటే మమ్మల్నే మెచ్చుకునేవారేమో. అందులోనూ కల్తీ లేకపోలేదు. ఐలాండ్‌లో ఎస్, అప్పుకి ఇంగ్లీషు మాటైన డెట్‌లో బీ ఎవరూ ఎప్పుడూ పలికినవి కావు. లాటిన్ చదువుకున్న పండితులు గొప్పకి తెచ్చి దూర్చినవి. మేం ఇజ్-ల్యాండ్ అన్నప్పుడు మాత్రం ఉత్తి తప్పే.

ఇవన్నీ మాష్టారికి చెప్పాలనిపించింది. సెలవులకి ఊరెళ్ళినప్పుడు కనుక్కుంటే ఆయన రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని చెప్పారు.

టెలిగ్రాములు 2013 జులైలో ఆపేశారు. ఇప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు తప్పు రాద్దామన్నా ఫోను రాయనివ్వడం లేదు. నా చిక్కు ఇప్పుడు తెలుగుతో. మా ఇంట్లో పిల్లలంతా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. దానికి సూత్రం లేదు, ఇంటిపేరు లేదు, మాష్టారు లేరు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికి హైదరాబాదు వెళ్ళిన మా మేనల్లుడు, రాత్రి పదకొండింటికి ఫ్యామిలీ గ్రూపులో ఒక ముక్క పెట్టాడు. నాన్న స్టేజ్ మీద... ఆ తర్వాత మాట పీ-ఏ-డీ-ఏ-డీ-యూ.

మా అన్నయ్యకి డెబ్బై రెండు. మోకాళ్ళు బాగుండవు. స్టేజి మీద పడ్డాడా? కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాను. పడ్డాడు అయితే డీ రెండుండాలి కదా, ఒత్తు ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒత్తుని నమ్మితే ఏమవుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? వణుకుతున్న చేత్తో ఫోన్ చేశాను. వెనక డప్పులూ కేకలూ.

"ఒరేయ్, మీ నాన్నకేమైందిరా?"

"ఏమవ్వలేదత్తా. పాడాడు. పాత సినిమా పాట. రెండు చరణాలూ పాడాడు, అందరూ వన్స్ మోర్ కూడా అన్నారు. నువ్వెందుకు అంత టెన్షన్ పడుతున్నావ్?"

గుండె దడ తగ్గడానికి కాసేపు పట్టింది. అన్నాను వాణ్ణి, "పా కి ఇంకో ఏ పెట్టి ఏడవకూడదట్రా? డబ్బులేం పడవు."